లస్మయ్య మెస్సులో పార్టీ లైను

లస్మయ్య చేతి అన్నం నేను ఏళ్ళ తరబడి తిన్నాను. అందుకే అతన్ని తిట్టే హక్కు నాకుంది. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా చిన్నప్పా అని అడిగేవాళ్ళుంటారు. అడగనీ. ఆ వాసం విరిగి ఒక మనిషి నెత్తిన పడింది. అది చూసి కూడా నోరు మూసుకుంటే నేను మనిషినే కాదు.

నాది కడప జిల్లా, బద్వేలు పక్క. దోహాలో హౌస్ డ్రైవరుని. తొంభై మూడులో వచ్చిన కొత్తలో మొదటి ఇంటి యజమానికీ నాకూ పడలేదు. కారు తాళాలు లాక్కుని, వేరే ఇల్లు చూసుకో పొమ్మన్నాడు. రెండు మూడు నెలలు పనీ లేదు, పైసా లేదు. ఎవరో జాలిపడి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీ క్యాంపుకు తీసుకుపోయారు. రేకుల షెడ్డు కింద వంటగది, దాని ముందు చేతుల్లో పళ్ళేలతో జనం. సైటు నుంచి అప్పుడే బస్సు దిగినవాళ్ళు, మోచేతుల దాకా సిమెంటు. నేను గోడవారగా నిలబడ్డాను. గంటె పట్టుకున్న ఎత్తుపాటి మనిషి నన్ను చూసి, "డ్యూటీ ఉందా తమ్మీ?" అని అడిగాడు.

"ల్యాదన్నా."

"ఐతే ముందటికి రా."

మొదటి పళ్ళెం నాకు పెట్టాడు. పొద్దంతా ఎండలో ఇనుము మోసినవాళ్ళు నా వెనక నిలబడ్డారు. ఒక్కడూ గొణగలేదు. నాకు ముద్ద దిగలేదు. అది చూసి అతను, "సిగ్గుపడకు. డ్యూటీ ఉన్నోడు రేపైన తింటడు. లేనోడు ఇయ్యాల్నే తినాలె," అన్నాడు. ఆ మనిషే లస్మయ్య. డ్యూటీ లేనివాడికి మొదటి పళ్ళెం అన్నది అతను పెట్టిన కట్టుబాటు. ఖతార్ మొత్తంలో అలాంటి మెస్సు ఇంకోటి ఉందని నేను వినలేదు. పని పోయినవాడు, జబ్బు పడినవాడు, కంపెనీ మీద కేసు వేసి కూర్చున్నవాడు, ఎవడైనా సరే ముందు తిని లేచేవాడు.

ఆ కట్టుబాటు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే లస్మయ్య తన ఊరి నుంచి మొదలుపెట్టేవాడు. కరీంనగర్ జిల్లా, మెట్‌పల్లి పక్కన. తండ్రి దొర దగ్గర జీతగాడు. ఇంట్లో ఏడాది పొడుగునా మక్క గట్కే. వరి అన్నం పండుగకో, పెద్దవాళ్ళ దినానికో. భార్య నర్సవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో హైదరాబాదులో కొత్త పార్టీ ఒకటి పుట్టింది. దాని పేరు నేను చెప్పక్కర్లేదు. కిలో బియ్యం రెండు రూపాయలు అంటే ఏ పార్టీయో తెలుగువాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. లస్మయ్య సైకిలెక్కి ఊరూరా గోడలకు పసుపు రంగు కొట్టాడు. ఎనభై మూడులో పార్టీ గెలిచింది, బియ్యం వచ్చాయి. మొదటి రోజు రేషను డీలరు పటేలింటి వాళ్ళను ముందు పిలిస్తే, లస్మయ్య తలుపుకు అడ్డం నిలబడి కూలికి పోయే ఆడవాళ్ళను ముందు పంపాడట. "ఆ పూట ఉప్పేసుకొని తిన్నం చిన్నప్పా. కూర ఉడికేదాక ఓపిక పట్టలే," అనేవాడు.

తిని ఊరుకోలేదు. ఎందుకు వచ్చాయి, ఎలా వచ్చాయి అని తెలుసుకోవాలనుకున్నాడు. పార్టీ పెట్టిన శిక్షణ తరగతులకు పోయాడు. కూడు, గూడు, గుడ్డ అన్నవి సర్కారు పెట్టే భిక్ష కాదు, జనం హక్కు అని అక్కడ నేర్చుకున్నాడు. నాటేసింది కూలోళ్ళు, కోసింది కూలోళ్ళు, వాళ్ళ బియ్యం వాళ్ళకిచ్చేటప్పుడు ధర ఎందుకు, రెండు రూపాయలు కూడా పేరుకే అని చెప్పేవాడు. బోరు ఎండిపోయి, గల్ఫు యుద్ధం ముగిశాక ఏజెంటును పట్టుకుని ఖతార్ వచ్చాడు. ఊళ్ళో గల్ఫు అంటే దుబాయే కాబట్టి అందరికీ అతను దుబాయ్ పోయిండు. ఇక్కడ స్టీల్ ఫిక్సరు పని. సాయంత్రం, అందరూ తలా ఇంత వేసుకుని నడుపుకునే మెస్సులో వంట. రేషను షాపు ముందు చేసినదే గంటె పట్టుకుని మళ్ళీ చేశాడు. అంతవరకు అతను దేవుడు. నేను చర్చికి పోయేవాణ్ణి, ఆ మాట ఊరికే అనను.

శుక్రవారం సెలవు. తర్వాత నాకు పని దొరికిన ఇంటి మేడం పుట్టింటికి పోతే సాయంత్రం అసర్ నమాజు దాకా కారు నా చేతిలో ఉండేది. తిన్నగా మెస్సుకు పోయేవాణ్ణి. భోజనాలయ్యాక లస్మయ్య క్లాసు. సెలవు మీద ఊరికి పోయి వచ్చినవాళ్ళు పాత పేపర్లు తెచ్చేవాళ్ళు. పచ్చడి సీసాలకు చుట్టిన కాగితాలు కూడా వదిలేవాడు కాదు, నూనె మరకల మీదుగా చదివేవాడు. చదివి, పార్టీ ఏం ఆలోచిస్తున్నదో మాకు విడమరిచి చెప్పేవాడు. వినకపోతే చారు పలచగా పోస్తాడని మేం వినేవాళ్ళం.

తొంభై నాలుగు చివర పార్టీ మళ్ళీ గెలిచినప్పుడు మెస్సులో పాయసం కాచాడు. రెండు రూపాయల బియ్యం మళ్ళీ వచ్చింది. మద్యనిషేధం వచ్చింది. ఇండస్ట్రియల్ ఏరియాలో మాకు సారా వాసన కూడా దొరకదు, అయినా మెస్సు మొత్తాన్ని నిలబెట్టి తాగనని ఒట్టు పెట్టించాడు. నవ్వుకుంటూ పెట్టాం. తొంభై అయిదులో పార్టీలో పెద్దవాళ్ళు కొట్టుకుని గద్దె చేతులు మారింది. అప్పుడు లస్మయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత గుర్తు ఎవరి దగ్గరుంటే పార్టీ అదే అని తేల్చుకుని తిన్నాడు.

తొంభై ఆరులో బియ్యం ధర రెండు నుంచి మూడున్నర అయింది. పేపరు అందిన శుక్రవారం లస్మయ్య క్లాసు చెప్పలేదు. మూకుడు తోముతూ కూర్చున్నాడు. సరే, వీడికీ కడుపు మండింది, ఇక పార్టీ పీడ వదిలింది అనుకున్నాను. నా మొహం. మరుసటి శుక్రవారం సర్కారు వేసిన శ్వేతపత్రం గురించి పేపర్లో వచ్చిందంతా పట్టుకుని వచ్చాడు.

"ఖజానా ఖాళీ చిన్నప్పా. పిండి కొద్దీ రొట్టె అంటరు గద. ఊకె పంచుకుంట పోతే సర్కారు నడవది."

"రెండు రూపాయలకిచ్చినప్పుడు ఖజానా నిండుగా ఉండిందా అన్నా?"

"అప్పుడు తెల్వలే. ఇప్పుడు తెలిసింది."

"ఎవురికి?"

"పార్టీకి," అన్నాడు. ముఖంలో కాస్తయినా మార్పు లేదు.

మరుసటి ఏడు మద్యనిషేధం ఎత్తేశారు. దానికీ కారణం చెప్పాడు, రాబడి అని. మాతో పెట్టించిన ఒట్టు ఏమైందని అడిగితే, "మీరు తాగకున్రి, సర్కారు అమ్ముకోనీ," అన్నాడు. ఊళ్ళలో శ్రమదానం మొదలైంది. శుక్రవారం పొద్దున మాతో క్యాంపు వాకిలి ఊడిపించాడు. పక్క గదుల పాకిస్తానీలు పాలు లేని సులేమాని చాయ్ తాగుతూ మమ్మల్ని వింతగా చూశారు. ప్రపంచ బ్యాంకు అన్నాడు, సంస్కరణ అన్నాడు, వాడుకున్నవాడే ఖర్చు భరించాలి అన్నాడు. ఏ మాట వచ్చినా పుట్టుకతో నమ్మినవాడిలాగే చెప్పేవాడు.

ఏ ఎండకు ఆ గొడుగు పట్టేవాళ్ళు లోకంలో కొల్లలు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, గొడుగు కింద వాళ్ళకు నీడ ఉంటుంది. ఈ లస్మయ్యకు ఏముంది? వార్డు మెంబరు కూడా కాదు. వాడు ఎండలో నిలబడి ఎవరికో గొడుగు పట్టేవాడు. అదే నాకు అరికాలి మంట నెత్తికెక్కించేది.

అదంతా వట్టి మాటలుగా ఉన్నన్నాళ్ళు భరించాను. తొంభై ఎనిమిదిలో చమురు ధర పడిపోయింది. సైట్లు నెమ్మదించాయి. లస్మయ్య కంపెనీ అందరి జీతాలూ ఆపేసింది. ఇవ్వాళ రేపు అంటూ నెలలు గడిపింది. మెస్సులో కూర పలచబడింది. ఆ కంపెనీలోనే షట్టరింగ్ కార్పెంటరు నర్సింగ్ ఉండేవాడు. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు వైపు మనిషి, నోరు తక్కువ, పని ఎక్కువ. ఊళ్ళో అతని భార్య పుష్ప బీడీలు చుట్టి పిల్లలను సాకుతున్నది. నర్సింగ్ ఒకరోజు, చేసిన పనికి కూలి అడగడానికి భయమేంది అని లేచాడు. అతనితో పనిచేసే ఇస్హాక్, ఇంకో ముగ్గురు కూడా లేచారు. ఐదుగురూ పోయి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టారు.

లస్మయ్యను కూడా రమ్మన్నారు. అతను రాలేదు. "కంపెనీ ఖజానా గూడ ఖాళీనే ఉండొచ్చు. జర ఓపిక పట్టాలె," అన్నాడు. నా చెవులతో విన్నాను. పార్టీకి వకాల్తా తీసుకునీ తీసుకునీ, చివరికి జీతం ఎగ్గొట్టిన కంపెనీకి కూడా వకాల్తా తీసుకునే స్థితికి వచ్చాడు.

కంపెనీ ఆ ఐదుగురినీ డ్యూటీలోంచి తీసేసింది. క్యాంపులో ఉండనిస్తుంది, పని ఇవ్వదు. బయట పని చేస్తే పారిపోయాడని రాసి పోలీసులకు పట్టిస్తుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. పేషీ వాయిదా మీద వాయిదా పడుతోంది. కంపెనీ కాగితాల పనులు చూసే మందూబ్ వారానికోసారి క్యాంపుకు వచ్చి, "అంతా ముట్టిందని సంతకం పెట్టండి, టికెట్టిస్తాం, యల్లా ఇంటికి పోండి," అనేవాడు. కేసు తేలే దాకా దేశంలో నిలబడాలి. నిలబడితే జీతం, పోతే ఏమీ లేదు. నిలబడాలంటే తినాలి. తిండి లస్మయ్య గంటె దగ్గరుంది. మొదట్లో అంతా బాగానే సాగింది. ఐదుగురికీ మొదటి పళ్ళేలు పడ్డాయి. మందూబ్ వచ్చి చూసి పళ్ళు నూరుకుంటూ పోయేవాడు.

ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం లస్మయ్య నర్సవ్వకు ఫోన్ చేయడానికి పోతూ నన్ను కూడా తీసుకుపోయాడు. క్యాంపు రోడ్డు చివర కార్డు ఫోను. ఊళ్ళో ఎస్టీడీ బూతు దగ్గర ఆమె వచ్చి కూర్చుంటుంది. నర్సవ్వ గొంతు పెద్దది, పక్కన నిలబడిన నాకు కూడా వినపడింది.

"మన తెల్లకార్డు తీసేస్తరట. దుబాయ్‌ల మొగడున్నదానికి తెల్లకార్డు ఎందుకంటున్నడు డీలరు."

"జర విను నర్సవ్వా. ఉన్నోళ్ళు విడిచిపెడితేనే లేనోళ్ళకు అందుతది. దాన్ని ఏమంటరంటే..."

"మనం ఉన్నోళ్ళమా?"

"సర్కారు లెక్కల..."

"నువ్వు పైసలు పంపక ఎన్ని నెలలాయె? సర్కారు లెక్కలు నాకెందుకయ్యా? నేను బియ్యం ఏం పెట్టి కొనాలె?"

అతను చెప్పసాగాడు. ఖజానా, రాయితీ, భారం, అన్నీ చెప్పాడు. కార్డులో నిమిషాలు కరిగిపోతున్నా చెప్పాడు. చివరికి నర్సవ్వ, "గిది చెప్పెతందుకు ఫోన్ జేసినవా?" అని పెట్టేసింది. లస్మయ్య రిసీవరు తగిలించి, "కార్డు అయిపోయింది," అన్నాడు నాతో. కార్డులో ఇంకా డబ్బులున్నాయని చిన్న అద్దంలో అంకెలు కనపడుతూనే ఉన్నాయి. ఇంత జరిగాకైనా బుద్ధి వస్తుందనుకున్నాను. బుద్ధి రాలేదు సరికదా, పంతం వచ్చింది. పెళ్ళాం ముందు ఓడిపోయిన వాదాన్ని మెస్సులో గెలవాలనుకున్నాడో ఏమో.

వారం తిరిగేసరికి కొత్త కట్టుబాటు పెట్టాడు. ఊకె తినబెడితే మనిషికి పని మీద మనసుండదట. డ్యూటీ లేనివాళ్ళు అందరి గిన్నెలూ తోమాలి, మెస్సు కడగాలి, అది అయ్యాక చివర్న తినాలి. మొదటి పళ్ళెం రద్దు.

అందరూ కాదంటారనుకున్నాను. ఒక్కడూ అనలేదు. జీతాలు రాక వాళ్ళకూ కటకటగానే ఉంది. ఐదు పళ్ళేలు వాళ్ళ కళ్ళలో పడుతూనే ఉన్నాయి, పైకి అనడానికి మొహం చాలలేదు. లస్మయ్య సిద్ధాంతం వచ్చి వాళ్ళ మొహమాటం తీర్చింది. ఆకలితో ఉన్నవాడి పళ్ళెం లాక్కోవడానికి కూడా ఒక మంచి మాట దొరికితే మనిషికి ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు చూశాను. థూ అనిపించింది.

ఇస్హాక్ మారు మాట్లాడకుండా గిన్నెల ముందు కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు కూడా కూర్చున్నారు. ఒకడు ఆ వారమే క్యాంపు వదిలి ఎటో పోయాడు. నర్సింగ్ మాత్రం పళ్ళెం పట్టుకుని ఎప్పటిలాగే ముందుకు వచ్చి గంటె ఎదుట నిలబడ్డాడు.

"ముందు గిన్నెలు తోము నర్సింగ్. ఎనుక తిందువు," అన్నాడు లస్మయ్య.

"అందరు తోమే రోజు నేను గూడ తోమిన కాకా. ఎన్నడన్న ఎగబెట్టిన్నా?"

"అది కాదు. డ్యూటీ లేనోళ్ళు..."

"నాకు డ్యూటీ లేక కాదు. చేసిన డ్యూటీకి కూలి రాక. ఈ అన్నానికి పడాల్సిన పని నేను ఎన్నడో చేసిన, దాన్ని కంపెనీ తిన్నది. ఒక్క బువ్వకు రెండుసార్లు పని చెయ్యాల్నా?"

లస్మయ్య గంటె ఆగింది. ఒక్క క్షణం వేస్తాడనే అనుకున్నాను. నర్సింగ్ ఇంకో మాట అన్నాడు. "ఇది భిక్ష కాదు, హక్కు అని నువ్వే గద కాకా చెప్పినవు. నాకైతే నువ్వు చెప్తెనే తెలిసింది."

"అప్పుడు అది కరెక్టు. ఇప్పుడు ఇది కరెక్టు," అన్నాడు లస్మయ్య. గంటె గిన్నెలో పెట్టి మూత వేశాడు.

నర్సింగ్ పళ్ళెం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ షెడ్డు కిందికి రాలేదు. నేను ఊరుకోలేదు. "నీకేమైనా మతి చెడిందా లస్మన్నా? మీ ఊర్లో రేషను షాపు కాడ అడ్డం నిల్చిన్యావే, ఇప్పుడు నువ్వే డీలరైపోతివి గదా," అని అందరి ముందూ తిట్టాను. తల దించుకుని విన్నాడు. విని, "నువ్వు సంస్కరణను అర్థం చేసుకుంటలేవు తమ్మీ," అన్నాడు. గోడకు తల కొట్టుకుంటే గోడకైనా సున్నం రాలుతుంది.

చలికాలం అంతా నర్సింగ్ ఎండు ఖుబ్బూసుతో గడిపాడు. ఒక రొట్టెను పొద్దున సగం, సాయంత్రం సగం చాయ్‌లో ముంచుకుని తినేవాడు. శుక్రవారాలు నేను మా మేడం ఇంట్లో మిగిలిన అన్నం కట్టి తెచ్చేవాణ్ణి. మిగిలిన రోజులు నాకు కదలడానికి వీలుండదు. ఇస్హాక్ తన పళ్ళెంలోంచి తీసి ఇవ్వబోతే, "నువ్వు తోమి తెచ్చుకున్నది నాకెందుకు," అని తోసేవాడు. మొండివాడే, కాదనను. కానీ ఆ మొండితనం లేకపోతే కంపెనీ మీద ఫిర్యాదు పెట్టేవాడే కాదు. మెస్సు నుంచి వచ్చే పోపు వాసన అతని మంచం దాకా వచ్చేది. నెలలో చెంపలు లోపలికి పోయాయి. మందూబ్ వారానికి ఒకసారి వచ్చేవాడు రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు, నేరుగా నర్సింగ్ మంచం దగ్గరికే. వాడికి ఎక్కడ పగులు పడిందో తెలిసిపోయింది.

చివరికి పేషీ ఖాయమైంది. ఈసారి వాయిదా లేదని లేబర్ ఆఫీసు వాళ్ళు గట్టిగా చెప్పారు. ఇక రెండు మూడు రోజులే ఓర్చుకో నాయనా అని నర్సింగ్‌కు చెప్పాను. తల ఊపాడు. పేషీ రోజు మా మేడంతో కారు బ్రేకులు పట్టడం లేదు, ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీలో చూపించాలని అబద్ధం చెప్పి పొద్దున్నే క్యాంపుకు పోయాను. ఇస్హాక్, ఆ ఇద్దరు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు.

"నర్సింగ్ యాడ?"

ఇస్హాక్ నేల చూశాడు. "నిన్న సాయంత్రం సంతకం పెట్టిండు భాయ్. మందూబ్ వచ్చి తోలుకపోయిండు. ఇయ్యాల మధ్యాహ్నం ఫ్లయిటట. మాకు గూడ పొద్దుగాల్నే తెలిసింది."

నేను ఏమన్నానో రాయడానికి వీల్లేదు. బూతులన్నీ అయిపోయాక ముగ్గురినీ ఎక్కించుకుని లేబర్ ఆఫీసుకు పోయాను. కంపెనీ తరఫు మనిషి ఏవో కాగితాలు చూపబోయాడు. ఆఫీసరు వాటిని పక్కన పెట్టి, ఈ ముగ్గురూ పని చేశారా లేదా అని ఒకే మాట అడిగాడు. చేశారు. అయితే వారంలో మొత్తం బాకీ చెల్లించండి, లేకపోతే మీ కొత్త వీసాలు ఆపుతాం అన్నాడు. కంపెనీ మనిషి మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు అని తల ఊపి సంతకం చేశాడు. ఇన్ని నెలల గోస చాయ్ తాగినంత సేపట్లో తీరిపోయింది. క్యాంపు వదిలి పోయినవాడి పేరు పిలిచారు. లేడు. నర్సింగ్ పేరు పిలిచారు. లేడు. అంతా ముట్టిందని సంతకం చేసిన కాగితం ఉంది, అతని ఫిర్యాదు కొట్టేశారు.

కారును ఎలా తోలానో నాకే తెలియదు. ఎయిర్‌పోర్టులో నర్సింగ్ లైన్లో ఉన్నాడు. పక్కన మందూబ్, నర్సింగ్ పాస్‌పోర్టు వాడి చేతిలో. చంకలో ఒక్క సంచి. నన్ను చూసి నవ్వాడు, చెంపల గుంటలు ఇంకా లోతుగా కనిపించాయి.

"ఏంది నాయనా ఈ పని? ఒక్క దినం. ఒక్క దినం ఆగల్యాకపోతివే."

"ఆకలికి ఆగిన చిన్నప్పా. నిన్న కండ్లు తిరిగి మెస్సు ముందట్నే పడ్డ. లస్మయ్య కాక ఉరికొచ్చి నీళ్ళు తాపిండు, నోట్ల బెల్లం పెట్టిండు. పళ్ళెంల అన్నం గూడ పెట్టుకొచ్చిండు. సంబురమైంది. తినబోతుంటే, తిన్నంక ఆ రెండు మూకుళ్ళు తోము బిడ్డా, పేరుకు తోము, రూలు ఉంటది అన్నడు." సంచిని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు. "అప్పుడే పోయి సంతకం పెట్టిన."

లైను ముందుకు జరిగింది. "పేషీ ఏమైంది?" అని అడిగాడు. చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఆ మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను. "గెలిచినారు. వచ్చినోళ్ళకంతా ఇస్తారంట."

మందూబ్ నర్సింగ్ భుజం మీద చెయ్యి వేసి యల్లా అన్నాడు. నర్సింగ్ రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "కాకకు చెప్పకు చిన్నప్పా. అది గూడ ఎందుకు కరెక్టో సమజు జేస్తడు," అన్నాడు. గాజు తలుపు అవతలికి పోయాడు.

చెప్పకుండా ఉండేంత మంచితనం నాకు లేదు. సాయంత్రం సైటు బస్సు వచ్చే వేళకు మెస్సుకు పోయాను. జనం పళ్ళేలతో నిలబడి ఉన్నారు. ఇస్హాక్ కూడా ఉన్నాడు. నేను లైను పక్కనుంచి నేరుగా పోయి గంటె ఎదుట నిలబడి మొత్తం చెప్పాను. పేషీ, తీర్పు, ఎయిర్‌పోర్టు, మూకుళ్ళు, అన్నీ. గొంతు చించుకుని చెప్పాను. "పుష్ప ఇంకెన్ని బీడీలు చుడితే ఆ జీతం వస్తాది లస్మన్నా? నీ పార్టీని అడిగి చెప్పు," అన్నాను.

లస్మయ్య గంటె కింద పెట్టాడు. వీడు ఇప్పుడు ఏడుస్తాడు, తప్పయిందంటాడు, అలా అంటే దేవుడని మొక్కకున్నా కనీసం క్షమిస్తాను అనుకున్నాను.

"చూడు చిన్నప్పా," అన్నాడు. "ఇస్హాక్ తోమిండు, తిన్నడు, నిలబడ్డడు. ఇయ్యాల గెలిచిండు. అంటే రూలు ఎవ్వల్ని ఎల్లగొట్టలే. నర్సింగ్ గూడ తోమితే..."

ఇస్హాక్ పళ్ళెం నేల మీద పెట్టి బయటికి పోయాడు. అతని వెనక ఇంకొకడు, ఇంకొకడు. లస్మయ్య ఆగలేదు. మార్పు వచ్చేటప్పుడు కొందరికి కష్టం తప్పదన్నాడు. ఖజానా అన్నాడు, క్రమశిక్షణ అన్నాడు, ఇరవై ఏళ్ళ తర్వాత అందరికీ మంచి రోజులు వస్తాయని కొత్త పత్రంలో రాశారన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. షెడ్డు కింద నేను ఒక్కణ్ణే మిగిలాను. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వస్తోంది.

"ఇంక చాలించు లస్మన్నా," అన్నాను. "ఎవురూ ల్యారు ఈడ. ఎవురికి చెప్తాండావు? ఆపు."

"ఎట్ల ఆపాలె చిన్నప్పా," అన్నాడు. "ఆపితే, నర్సింగ్‌ను ఎల్లగొట్టింది నేనే ఐత గద." అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.